కోటలో ఉండిపోయిన తమ్ముడు

లోవర్ హట్‌లో మేము ఇల్లు కొన్న కొత్తలో పక్కింటి పెద్దావిడ కంచె మీదుగా జామకాయల్లాంటి ఫీజోవా పళ్లు అందించి పరిచయం చేసుకుంది. అప్పటికే ఆమెకు ఎనభై ఎనిమిదేళ్లు. భర్త పోయాడు, పిల్లల్లేరు. యుద్ధకాలంలో పోలండ్ అనాథ పిల్లలతో పాటు ఓడలో ఈ దేశం వచ్చిందట. నేను రోజూ రైల్లో వెల్లింగ్టన్ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుని వచ్చేదాన్ని. ఆదివారాలు కాసేపు ఆమె దగ్గర కూర్చునేదాన్ని.

ఎప్పుడూ ఒక కోట గురించే చెప్పేది. వాళ్ల నాన్న అక్కడ జమీందారు గుర్రాలు చూసేవాడు. అమ్మ బట్టలు ఉతికేది. యుద్ధం మొదలైన ఏడాది చలికాలంలో రష్యా సైనికులు వచ్చి, రష్యాకు తరలిస్తున్నామని అరగంటలో బండెక్కమన్నారు. రెండేళ్ల తమ్ముడికి ఒళ్లు కాలిపోతోంది. ఆ మంచులో బయల్దేరితే బతకడని అమ్మ వాణ్ణి కోట వంటామె చేతిలో పెట్టింది.

"తొందరగా వచ్చేస్తామంది మా అమ్మ. దారిలోనే పోయింది. తర్వాత నాన్నా పోయాడు" అని చెప్పిందామె.

యుద్ధం ముగిశాక సరిహద్దులు జరిగాయి. ఆ ఊరు ఇంకో దేశంలో కలిసింది, పేరు కూడా మారింది. ఆమె రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయి.

"నీకు కంప్యూటర్లు తెలుసుగా. ఆ కోట ఇంకా ఉందేమో చూసిపెట్టవూ" అని ఒక ఆదివారం అడిగింది.

"చూద్దాంలెండి" అన్నాను.

అప్పుడు మా పాప చిన్నది, ఆఫీసులో ఊపిరాడని పని. ఆమె మరో రెండుసార్లు అడిగి ఊరుకుంది. అలా నాలుగేళ్లు గడిచాయి.

పోయిన సెప్టెంబరులో ఆమె స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో పక్కన కూర్చున్నప్పుడు, ఆమెకు ఏదైనా చెయ్యాలనిపించి, ఊరి పాత పేరు ఆమెనే అడిగి ఫోన్‌లో వెతికాను. గంట కూడా పట్టలేదు. పాడుబడ్డ కోటలు తిరిగే మనిషెవరో తీసిన వీడియో దొరికింది. పైకప్పు కూలిపోయి, గదుల్లో చెట్లు మొలిచి ఉన్నాయి. ఆ పిల్లవాడి గురించి ఎవరికైనా తెలుసా అని వీడియో కింద రాశాను. నాలుగు రోజులకు ఆ ఊరి టీచరమ్మ ఒకామె జవాబిచ్చింది.

జమీందారు పారిపోయాక కోటలో సైన్యం ఉందట. తర్వాత అది క్షయ ఆసుపత్రి అయింది. వంటామె అక్కడే వండిపెడుతూ పిల్లవాణ్ణి పెంచింది. పెద్దయ్యాక అతను ఆ ఆసుపత్రిలోనే బాయిలర్ పనికి కుదిరాడు. పెళ్లి చేసుకోలేదు. ఆసుపత్రి మూతపడ్డాక జనం కిటికీలు, తలుపులు, చివరికి నేలకు పరిచిన చెక్కలు కూడా ఊడబీక్కుపోయారు. అతనొక్కడే వంటగదిలో ఉండిపోయాడు. ఊళ్లో గది ఇస్తామన్నా రాలేదు. "మావాళ్లు వస్తే ఇక్కడికే వస్తారు" అనేవాడట. జనవరిలో పోయాడు. నేను వెతకడానికి ఎనిమిది నెలల ముందు.

ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేకపోయాను. మా ఆయన వచ్చి అడిగితే చెప్పాను.

"నువ్వేమన్నా కావాలని లేట్ చేశావా? అప్పుడు మనం ఎంత బిజీగా ఉన్నాం" అన్నాడు.

"గంట పనండీ."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆవిడ హెల్త్ చూశావుగా. దొరకలేదని చెప్పెయ్."

రెండు రోజులు అలాగే చేద్దామనుకున్నాను. మూడో రోజు ఆమె చెయ్యి పట్టుకుని అంతా చెప్పేశాను, అతను పోయిన నెలతో సహా.

ఆమె కిటికీ వైపు చూస్తూ వింది.

"వంటగదిలో పొయ్యి పనిచేసేదా?"

"చేసేదట. టీచరమ్మ వాళ్లు కట్టెలు తెచ్చిపెట్టేవాళ్లట."

"జనవరిలోనా" అంది.

"నన్ను క్షమించండి. మీరడిగినప్పుడే చూసి ఉంటే..."

ఆమె నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుని దుప్పటి లోపల పెట్టుకుంది.

ఆమె ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉంటోంది. టీచరమ్మ పంపిన సమాధి ఫొటో ప్రింటు తీయించి ఇస్తే, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, దిండు కింద దాచుకుంది. ఆదివారాలు వెళుతూనే ఉన్నాను. పాప చదువు గురించి, వానల గురించి అడుగుతుంది. నేను జవాబు చెబుతాను. కోట మాట మాత్రం ఆమె మళ్లీ ఎత్తలేదు.