దేవుని పెట్టకు వేసిన కుట్లు

మా చర్చి సంఘంలో, ఇంట పండిందీ పెంచిందీ దేవునికి కానుకగా ఇచ్చే కోత పండుగ దగ్గరపడుతోంది. ఈసారి కవరులో డబ్బు పెట్టి పంపకుండా ఒక కోడినే తీసుకుపోయి ఇవ్వాలని నాకు పట్టుదల పుట్టి, మొన్న కోడలిని వెంటబెట్టుకుని మదనపల్లెలో మా వీధి చివరనున్న నాటుకోళ్ళ అంగడికి వెళ్ళాను. అంగడి కుర్రవాడు ఒక పెట్టను రెక్కలు పట్టి తూకానికి పెట్టబోతుంటే, నా చేయి నాకు తెలియకుండానే దాని మెడ కిందికి పోయి తడమసాగింది. “యాల అవ్వా, దాని గొంతు పట్టి సూస్తాండావు? పాట పాడిస్తావా యేంది?” అని అతను నవ్వాడు. కోడలూ నవ్వింది. నా ఈడువాళ్ళు ఎవరైనా పక్కన ఉండి ఉంటే నవ్వేవారు కాదు, నా వేళ్ళు దేనికోసం వెతుకుతున్నాయో వారికి తెలిసి ఉండేది.

కోడి తిన్న మేత నేరుగా కడుపులోకి పోదు. మెడ కింద, రొమ్ముకు కాస్త పైన ఒక సంచిలో నిలిచి, నాని, కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. సాయంత్రం గంప కింద మూసేటప్పుడు ఆ మేతసంచి నిండుగా ఉండి, తెల్లవారి గంప ఎత్తేసరికి ఖాళీ అయి ఉంటే కోడి బాగున్నట్టు. పొద్దున కూడా గట్టిగా ఉండలా తగిలితే మేత అడ్డం పడిందన్నమాట. నీళ్ళతిత్తిలా మెత్తగా ఊగుతూ, నోటినుంచి పులిసిన వాసన వస్తుంటే లోపల మేత మురిగిందన్నమాట. పులిసినదానికి మా అమ్మ మేత మాన్పించి పలుచని మజ్జిగ పట్టేది. గట్టిపడినదానికి గోరువెచ్చని నూనె కాస్త పోసి, వేళ్ళతో మెల్లమెల్లగా పిసికేది. తలకిందులుగా పట్టి కక్కించే వాళ్ళను చూస్తే మాత్రం ఆమెకు కోపం వచ్చేది, ఆ నీళ్ళు ఊపిరిలోకి పోయి కోడి అక్కడికక్కడే చచ్చిపోవడం ఆమె చూసింది.

రెండో యుద్ధం జరుగుతున్న రోజులవి. మా నాన్న పుంగనూరులో ఉపదేశి. సోమల వైపు పల్లెలన్నీ సైకిలు మీద తిరిగి వాక్యం చెప్పి వచ్చేవాడు. ఒక ఏడు మా అన్నకు టైఫాయిడ్ వచ్చి, మదనపల్లె ఆసుపత్రిలో వాడి మీద ఆశ వదులుకున్న రోజున, అమ్మ మంచం పక్కన మోకరించి, వీడు లేచి ఇంటికి వస్తే ఆ తర్వాత మా ఇంట పుట్టే మొదటి పెట్టపిల్ల నీది ప్రభువా అని మొక్కుకుంది. అన్న లేచాడు. బూడిదరంగు పెట్టపిల్ల ఒకటి పుట్టింది. దాని కాలికి ఎర్రగుడ్డ పీలిక కట్టి, మేమంతా దాన్ని దేవుని పెట్ట అని పిలిచేవాళ్ళం. తక్కిన కోళ్ళు పెరడంతా తరిమితే గాని చేతికి దొరికేవి కావు. ఇది మాత్రం పొద్దున గంప ఎత్తగానే తానే వచ్చి అమ్మ చేతికి మెడ చాచేది.

కోత పండుగ ఇంకా కొన్నాళ్ళు ఉందనగా, వాకిట్లో ఎండబోసిన చెనక్కాయల పక్కన పడి ఉన్న చిరుగు గోనెసంచి పీచు ఇది పొడుచుకు తిన్నది. మర్నాటికి మేతసంచి రాయిలా అయింది. నూనె పోశారు, పిసికారు, దిగలేదు. పెట్ట ముడుచుకుని కళ్ళు మూసుకుంది. మా జేజి, అంటే నాన్న తల్లి, ఉన్నమాట చెప్పే మనిషి. “సచ్చిందంటే యెవురికీ పనికిరాదు. ఊపిరుండంగానే కోసేద్దాం మే, కూరన్నా అవుతాది” అంది. అమ్మ పెట్టను ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ మెడ కింద పిసకసాగింది. “పోనీ ఆ ఎర్రపీలిక ఇప్పి ఇంకోదాని కాలికి కట్టు. దేవునికి తెలుస్తాదా యేమి?” అంది మళ్ళీ జేజి.

“తెలీకపోతే దేవుడెట్లవుతాడత్తా?” అంది అమ్మ.

మొక్కిన దాన్ని మార్చకూడదని, మంచిదానికి బదులు చెడ్డది గాని, చెడ్డదానికి బదులు మంచిది గాని పెట్టకూడదని ఆమె చిన్ననాడే వాక్యంలో చదువుకుంది. దేవుడు వడ్డీవ్యాపారి కాదు, మనసు చూస్తాడు అని నాన్న నచ్చజెప్పాడు. ఆమె తల ఊపింది గాని ఆ రోజంతా పని చేసుకుంటూనే మధ్యమధ్య వచ్చి అన్న నుదుటి మీద చేయి వేసి చూసి పోతుండేది. మొక్కు తప్పితే వాడికి జ్వరం మళ్ళీ వస్తుందని ఆమె భయం.

చివరికి మేతసంచిని కోసి ఆ పీచును తీయాల్సిందే అని ఆమే నిర్ణయించుకుంది. పక్కింట్లో దర్జీ సాయిబు భార్య, మేము ఖాలా అని పిలిచే ఆవిడ, ఊళ్ళో ఆడవాళ్ళకు రవికలు కుట్టేది. ఆమె కుట్టంత సన్నని కుట్టు వీధిలో ఇంకెవరిదీ కాదు. అమ్మ పిలవగానే వచ్చి పెట్టను చూసి బుగ్గలు నొక్కుకుంది. “అరే అక్కా, రవికలు కుడతాను గానీ కోడిని యాడ కుట్టినాను! సచ్చిపోతే పాపం నాకొద్దు.” తన పుట్టింట్లో ఒకసారి ఇట్లాగే కోసి, సంచినీ పైతోలునూ కలిపి ఒకే కుట్టు వేసినందువల్ల కోడి బతకలేదని అమ్మ చెప్పింది. ఖాలా ఒక్క క్షణం ఆలోచించి, “ఓ, లోపలి అస్తరు వేరే, పైగుడ్డ వేరే, అంతే గదా!” అని సూది అందుకుంది.

సూదినీ, పట్టుదారాన్నీ, నాన్న గడ్డం గీసుకునే బ్లేడునూ మరిగే నీళ్ళలో వేశారు. పెట్టను పాతచీరలో చుట్టి నా ఒళ్ళో పెట్టారు. అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది, ఖాలా తనలో తాను బిస్మిల్లా అనుకుంది, జేజి గడపలో కూర్చుని “కోడికి ఇంతమంది దేవుళ్ళా!” అంది. ఈకలు పీకి, పైతోలు కోసి, లోపలి సంచికి చిన్న గాటు పెట్టి, అమ్మ వేలితో గోనెపీచును బయటికి లాగింది. తడిసిన జడలా వచ్చింది అది. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. ఉప్పునీళ్ళతో కడిగాక ఖాలా ముందు అస్తరు కుట్టింది, ఆ తర్వాత పైగుడ్డ. పెట్ట గుండె నా అరచేతి కింద కొట్టుకుంటూనే ఉంది. కొన్నాళ్ళు రాగి గంజి తప్ప మరొకటి పెట్టలేదు. బతికింది.

అయితే పండుగనాటికి దాని మెడ కింద ఈకలు లేవు, కుట్లు నల్లగా కనబడుతున్నాయి. లోపమున్న దాన్ని దేవుని సన్నిధికి తేకూడదు. అందరూ కోళ్ళూ గుమ్మడికాయలూ ఎత్తుకుని ముందుకు పోతుంటే అమ్మ చాట నిండా చెనక్కాయలు పెట్టి వచ్చి, తల వంచుకుని చాపమీద కూర్చుంది. మొక్కు మిగిలిపోయింది. ఆ ఏడంతా అన్నకు కాస్త ఒళ్ళు వెచ్చబడినా ఆమెకు అన్నం దిగేది కాదు.

మరుసటి ఏడు నాన్నను కుప్పానికి మార్చారు. పెట్రోలు కరువుతో బొగ్గుమీద నడిచే బస్సులో, పొగకు కళ్ళు మండుతుంటే, అమ్మ సామాన్లన్నీ పైన వేయించి కోడిగంపను మాత్రం ఒళ్ళో పెట్టుకుంది. అప్పటికి ఈకలు నిండుగా వచ్చేశాయి, వేలితో తడిమితే తప్ప కుట్టు తెలియదు. ఆ ఏటి కోత పండుగకు కుప్పం గుడిలో ఆమె పెట్టను రెండు చేతులా పట్టుకుని ముందుకు నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముఖం చూశాను. బరువు దింపుకున్న మనిషి నడక అది.

కానుకలకు వేసిన వేలంలో ఆ పెట్టను సంఘపెద్ద ఒకాయన పాడుకుని, మధ్యాహ్నం అందరూ కలిసి తినే ప్రేమవిందుకే ఇచ్చేశాడు. అది ఉడుకుతుందని తెలిసి నేను గుడి వెనక్కి పోయి ఏడ్చాను. అంత కష్టపడి కుట్టి బతికించింది ఇందుకా అని. అమ్మ వచ్చి కొంగుతో నా ముఖం తుడిచి, “ఏమ్మా, మనం దాన్ని ఇచ్చినామా, అప్పిచ్చినామా?” అని అడిగింది. మమ్మల్ని విస్తళ్ళ ముందు కూర్చోబెట్టి, అన్న విస్తట్లో తానే ఒక ముక్క వేసి, వాడు తినేదాకా అక్కడే నిలబడింది. జేజి నమిలి నమిలి, “పోయినేడు తినుంటే ఇంకా మెత్తగా ఉండేది” అంది. అమ్మ నవ్వింది. ఆమె అట్లా నవ్వి ఏడాది దాటింది.

ఇప్పుడు కానుకలు కవర్లలో వస్తున్నాయి. అవీ కష్టార్జితాలే, తప్పు పట్టను. దేవునికి ఇచ్చేదాన్ని ఏడాది పొడుగునా పొద్దున్నే చేత్తో తడిమి చూసుకోవడం మాత్రం పోయింది. అంగట్లో కొన్న పెట్టను పండుగదాకా ఉండాలని మా మేడమీద గంప కింద పెట్టాను. ఈరోజు తెల్లవారి, ప్రార్థనకు ముందు గంప ఎత్తి మెడ కింద వేళ్ళు పెట్టాను. సంచి ఖాళీగా, మెత్తగా ఉంది. ఏ లోపమూ లేదు. అయితే అది మెడ వెనక్కి లాక్కుని, కొత్తమనిషిని చూసినట్టు నావైపు చూసింది. దానికి నేనెవరో తెలియదు. నాకూ దాన్ని ఇవ్వడంలో ఏడుపు రాదు.