నేను చూడని జూల దారి

ఆ రోజుల్లో తెలియదు అని చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. బంగారు గనులు సర్కారు చేతికొచ్చిన కొత్త, చాంపియన్ రీఫ్స్ ఆఫీసులో నేను కొత్త గుమాస్తాను. రాబర్ట్‌సన్‌పేట రీడింగు రూములో దేశదేశాల జూల బొమ్మల పుస్తకం ఒకటుండేది. దాన్ని తెరిస్తే నాకు లోకం తెలిసేది కాదు. మంచు మీద తెల్ల ఎలుగుబంటి, రాజుల తోటలో ఏనుగులు! (నిజంగా నేను చూసిన పెద్ద జంతువు మా వీధి ఎద్దు.)

మా మీసాల ఇంజనీరుగారిని మిషన్ల పని నేర్చుకోవడానికి జర్మనీ పంపుతున్నారు. "కడాకు పది దినాలు రజా ఉండాది. ఆ సెలవులో పక్క దేశాల్లో చూసేదానికి ఏముండాదప్పా?" అని ఆయన అడగడమే ఆలస్యం, నేను లేచాను. "జూలు చూడల్ల సార్! ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలుపెట్టండి. వియన్నాది రాజుల తోటలో ఉండాది, అది మాత్రం ఇడవద్దండి. బాసెల్ ఆ రెంటికీ నడాన, పోయే దావలోనే!" ఆయన శ్రద్ధగా రాసుకున్నారు.

ఇంటికొచ్చి గొప్పగా చెబితే, ముప్పై ఏళ్లుగా గనిలోకి దిగుతున్న మా నాన్న అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "మైసూరే చూపించలేదు గదరా నీకి. యూరపు ఎప్పుడు పోయినావు?"

ఇంజనీరుగారు తిరిగొచ్చేదాకా నాకు నిద్ర లేదు. వచ్చీ రాగానే పిలిచారు. "నువ్వు చెప్పినట్లే వియన్నాలో నోరు తెరుచుకొని నిలబడిపోతినప్పా. కానీ బాసెల్ దావలో యాడుండాది? అది ఇంకో దిక్కు గదా! ఒక దినమంతా రైల్లోనే పాయ! నిజం చెప్పు, నువ్వు ఒక్క జూ అయినా చూసినావా?"

"లేదు సార్."

ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన మీసాలు కదిలేలా నవ్వి, నాకు రెండు రోజుల సెలవు రాసిచ్చారు. "ఇంగ మైసూరు జూకి పో. మీ నాయన్ని కూడా పిల్చుకొని పో."

మైసూరులో జిరాఫీ ముందు ఇద్దరం ఆగిపోయాం. అది చెట్టు చివర ఆకు అందుకుని, మెల్లగా తల దించి మమ్మల్ని చూసింది. పుస్తకంలో అది నా అరచేతంత ఉండేది! నాన్న తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేను దినామూ కిందికే పోతా ఉంటి గదరా... పైన ఇట్లాంటిదొకటి తిరగతా ఉండాదా!" అన్నాడు, గుళ్లో మాట్లాడినంత మెల్లగా. ఏ దేశంలో ఎన్ని జిరాఫీలున్నాయో గడగడా చెప్పగలిగిన నేను ఆ పూట జిరాఫీని వదిలి నాన్ననే చూశాను.

యూరపు నేను ఈనాటికీ చూడలేదు. అయినా, పటం కూడా చూడకుండా ఇంజనీరుగారికి దారి చెప్పిన ఆ కుర్ర గుమాస్తా మీద కోపం రాదు. వాడు అంత ధైర్యంగా కోతలు కోసి ఉండకపోతే, మా నాన్న అంతసేపు తలెత్తి నిలబడటం నేను చూసి ఉండేవాణ్ణి కాదు.