నూనె గుడ్డలు పెట్టెలో పెట్టింది నేను

మొన్న మంగళవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నం తింటుండగా, మా టీచర్ల గ్రూపులో ఎవరో మెసేజి పెట్టారు: ‘మన పాత పెయింటర్ పోయారట.’ దాని కింద వరుసగా దండాల బొమ్మలు. వాటి కింద ఎవరిదో ప్రశ్న: ‘స్టేజీ గది తగలబెట్టింది ఆయనేనా?’

కాదు, ఆయన కాదు. ఎవరో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కూర్మన్నపాలెం దగ్గర ఒక బడిలో నేను తెలుగు టీచర్ని. ఏటా వార్షికోత్సవానికి పిల్లల చేత నాటకాలు వేయించేది నేనే. వాటికి కావలసిన తెరలు, గోడలు, గుమ్మాలు తయారుచేసి రంగులు వేసేది ఆ పెయింటరే, మేమంతా మేస్త్రి అనేవాళ్లం. పోర్టు పక్క మల్కాపురం మనిషి. పాతికేళ్లు ఓడలకు రంగులు వేసి, నిచ్చెనలెక్కే ఓపిక తగ్గాక మా బడికి వచ్చారు.

రంగులు వేయడం అయిపోగానే పిల్లలు చేతులు దులుపుకుని పారిపోబోయేవారు. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడేవారు.

“రంగెవుడైనా ఏత్తాడు. కుంచి కడిగినోడే పెయింటరు. రండి, రండి.”

నూనె రంగు ముట్టిన కుంచెను ముందు కిరసనాయిల్లో పిండాలి. తర్వాత నురగ తెల్లబడేదాకా సబ్బునీళ్లలో కడగాలి. విదిలించి, వెంట్రుకలను వేళ్లతో దువ్వి, మొన తీర్చాలి. స్టేజీ వెనక వరండాలో రెండు స్తంభాలకు కట్టిన తీగకు, పిడి పైకి, వెంట్రుకలు కిందికి ఉండేట్టు వేలాడదీయాలి. రోలరైతే ముందు చాకు వెనకవైపుతో రంగంతా గీకెయ్యాలి. కడిగి, గిర్రున తిప్పి, మేకుకు తగిలించాలి. నేలమీద పడేస్తే ఒక పక్క నలిగి, గోడమీద చారలు పెడుతుంది. పూర్తిగా ఆరాకే పాత పేపర్లో చుట్టి సొరుగులో పెట్టాలి. ఒకసారి ఏడో తరగతి పిల్ల కుంచెను నీళ్ల డబ్బాలో అలాగే నిలబెట్టి వెళ్లిపోతోంది. వెనక్కి పిలిచారు. “అమ్మీ, నిన్ను పొద్దల్లా తలకిందులుగా నిలబెడితే ఎలగుంటాది?” ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక, ఆ కుంచె ఒక్కటే కాదు, అందరివీ కడిగింది.

చెక్క గుమ్మాలకు అవిసె నూనె పట్టించిన గుడ్డలంటే మాత్రం ఆయనకు నవ్వులాట లేదు. తీగ చివర ఒకదానికొకటి తగలకుండా, విప్పి, గాలికి ఆరేసేవారు. అంత జాగ్రత్త ఎందుకని అడిగాను.

“ఓడలో ఓపాలి సూసేనమ్మా. నూనె గుడ్డలు మూటగట్టి డబ్బాలో కుక్కేరు. అగ్గిపుల్ల నేదు, ఏటీ నేదు. దానంతటదే ఏడెక్కి ఏడెక్కి రాజుకుంది. తడి కుంచి మూసెడితే కుళ్లిపోద్ది. నూనె గుడ్డ మూసెడితే కాలిపోద్ది. పిల్లలకి రాసెట్టండి టీచరమ్మా.”

రాసిపెట్టాను. పెద్ద చార్టు మీద గుండ్రని అక్షరాలతో రాసి, గోడకు అంటించింది నేనే. నాకు తెలియదని బొంకే దారి కూడా లేదు.

మూడేళ్ల కిందట ఒక గురువారం బడి చూడటానికి పెద్దలెవరో వస్తున్నారన్నారు. ఆ రోజు మేస్త్రి మేనకోడలి పెళ్లికని సెలవులో ఉన్నారు. ప్రిన్సిపాల్ వరండాలోకి వచ్చి తీగ వంక చూసి ముఖం చిట్లించారు.

“ఇదేం బడా, చాకిరేవా? అరగంటలో ఇవేవీ నా కంటికి కనిపించకూడదు.”

ఒక్క మాట, ‘సార్, గుడ్డలు మూసిపెట్టకూడదట’ అన్న ఒక్క మాట నా నోట రాలేదు. కుంచెలు, రోలర్లు, ముందురోజు నూనె పట్టించిన గుడ్డలు అన్నీ ఒక అట్టపెట్టెలో కుక్కాను. స్టేజీ గదిలోని ఇనప బీరువాలోకి తోసి తాళం వేశాను. వచ్చిన పెద్దలు ఆ వైపు తొంగి కూడా చూడలేదు.

మర్నాడు ప్రార్థన జరుగుతుండగా స్టేజీ గది కిటికీలోంచి పొగ వచ్చింది. బీరువా, దాని పక్కన మడిచిపెట్టిన తెరలు, పిల్లలు నెల రోజులు కూర్చుని రంగులు వేసిన సముద్రం, అన్నీ కాలిపోయాయి. దేవుడి దయవల్ల మనుషులెవరికీ ఏమీ కాలేదు. మధ్యాహ్నానికల్లా కారణం తేల్చేశారు. మేస్త్రి బీడీ కాల్చి పడేశాడట! ఆ పొద్దున ఆయన పనిలోకి వచ్చి గంట కూడా కాలేదు.

ప్రిన్సిపాల్ గదిలో ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. “పాతికేళ్లు రంగుల మధ్యలో బతికినోణ్ని సార్. బీడీ ముట్టితే నాను మీ ముందర ఇలగ నిలబడతానా?”

అప్పుడు చెప్పాను. గుడ్డలు పెట్టెలో పెట్టింది నేనని, వాటంతటవే రాజుకుని ఉంటాయని.

“నూనె గుడ్డ దానంతటదే అంటుకుంటుందా? మీరు చెప్పేది తెలుగు, సైన్సు కాదు” అన్నారు ప్రిన్సిపాల్. “అదే మాట రాసి సంతకం పెట్టండి. మీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం.”

తెల్లకాగితం నా ముందుకు తోశారు. నేను కలం తీయలేదు. మేస్త్రి ఆ కాగితం వైపు చూశారు, నా వైపు చూశారు. “ఒగ్గీండి టీచరమ్మా” అని, వదిలేయమన్నట్టు చెయ్యి ఊపి బయటికి నడిచారు. మర్నాటి నుంచి ఆయన్ను రావద్దన్నారు ప్రిన్సిపాల్. ఆ పేరు పడ్డాక చుట్టుపక్కల ఏ బడీ ఆయన్ను రానివ్వలేదు. ఆ వయసులో మళ్లీ ఇళ్లకు సున్నాలు వేయడానికి నిచ్చెనలెక్కారు.

కొన్ని నెలల తర్వాత క్షమించమని అడగడానికి మల్కాపురం వెళ్లాను. ఆయన నన్ను ఓదార్చలేదు. “మీ మీద కోపం నేదని అబద్దమాడను. ఉంది. టీ మాత్రం తాగెల్లండి” అన్నారు. తాగి వచ్చాను. అంత నిజాయితీగా నాతో మాట్లాడినవాళ్లు మా బడిలో ఒక్కరూ లేరు. నాతో నేనూ అలా మాట్లాడుకోలేదు.

గ్రూపులో ఆ ప్రశ్న చదివిన పూటే, మూడేళ్ల కిందట రాయవలసిన కాగితం రాశాను. ఎవరు ఆజ్ఞాపించారో, ఎవరు పాటించారో, ఎవరి మీద నెట్టారో అంతా రాసి, సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చాను. గ్రూపులోనూ పెట్టాను. అందరూ చూశారు. దండాలు పెట్టిన చేతులు ఒక్క అక్షరం రాయలేదు. ప్రిన్సిపాల్ నన్ను గ్రూపులోంచి తీసేశారు.

నకలు తీసుకుని మేస్త్రి ఇంటికి వెళ్లాను. ఆయన భార్యకు చదువు రాదు. చదివి వినిపించమంది. చివరిదాకా కదలకుండా వింది.

“ఇదప్పుడే రాసుంటే ఏటయ్యేదమ్మా?”

“నా ఉద్యోగం పోయేది.”

“మా ఆయనది పోయింది గదా.”

ఆమె కాగితం తీసుకుని, మడిచి, కొంగున ముడేసుకుంది. ఆయన ఎలా పోయారని అడిగాను. “మనింటి గోడేనే, రెండ్రోజుల పని అన్నాడు. రంగేత్తా ఏత్తా గుండి పట్టుకుని కూలబడిపోనాడు” అంది.

బయటికి వచ్చి చూశాను. పోర్టు బొగ్గు ధూళి పట్టి నల్లబడిన గోడ. ఎడమ నుంచి కిటికీ దాకా కొత్త నీలం, ఎక్కడా చార లేకుండా. కిటికీ పక్కన ఆఖరి రోలరు పట్టీ పైనుంచి దిగుతూ వచ్చి, నడుమెత్తున పక్కకు ఒరిగి ఆగిపోయింది. దాని అంచు నుంచి రంగు రెండు సన్నని ధారలుగా నేలదాకా కారి, తుడిచేవాళ్లు లేక అలాగే ఎండిపోయి ఉంది.