చతికిలబడ్డ విమానం

మా ఇంట్లో విమానాల మీద ఆఖరి మాట మా ఆయనది. మస్కట్‌లో ఏసీలు బాగుచేసే మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ రెండేళ్లకోసారి వచ్చి, రెండు నెలలుండి వెళ్తారు. నేనేమో అంబాజీపేట దాటితే అమలాపురం, ఇంకా దాటితే రాజమండ్రి, అదీ బస్సులో. అలాంటి నేను విమానం కట్టాను.

నిజం విమానం కాదు లెండి, జానెడు ప్లాస్టిక్కుది. పూర్వం జనాన్ని ఎక్కించుకు తిరిగిన రెండు పంకాల రకం. ముక్కలన్నీ పెట్టెలో పెట్టి అమ్ముతారు, మనమే అతికించుకోవాలి. ఫోనులో ఎవరో అతికిస్తుంటే చూసి, మనసుపడి తెప్పించుకున్నాను. జాకెట్లు కుట్టిన డబ్బులు, నా ఇష్టం.

"పిల్లలు కాలేజీలకెళ్లిపోయేరు, ఇంకెవరికే ఇది?" అన్నారు అత్తగారు.

"నాకేనండి" అన్నాను. ఆవిడ ఆ పూట అన్నం తానే వడ్డించుకున్నారు.

కుట్టుపని చేతులు కాబట్టి చిన్న ముక్కలు నన్నేమీ చెయ్యలేకపోయాయి. రంగు దగ్గరే ప్రాణం విసిగింది. అవి శ్రావణమాసం వానలు. గేటుకి వేయగా మిగిలిన వెండి రంగు పూస్తే, మూడోనాటికీ ఆరలేదు. రెక్క మీద నా బొటనవేలి ముద్ర పడి అలాగే ఉండిపోయింది. దానికి సిగ్గుపడే ఓపిక నాకు లేదు.

రెక్కల కింద రెండు పెద్ద చక్రాలు, తోక కింద బఠాణీ గింజంత చక్రం. బల్ల మీద పెడితే ముక్కు పైకెత్తి, తోక కిందకి వాల్చి కూర్చుంటుంది. ఆ కాలం విమానాలు నేల మీద అలాగే ఉండేవి.

మా ఆయన సెలవు మీద వచ్చి, చేతిలో పెట్టె కిందపెట్టకుండానే దాన్ని చూశారు.

"తోక పడిపోయిందేంటే? తప్పతికించేవు."

"ఆ రకం అంతేనండి, పాతది."

"నేనెన్ని విమానాలెక్కేనో తెలుసా నీకు? అన్నీ సాపుగానే ఉంటాయి."

తోక కింద అగ్గిపెట్టె పెట్టారు. నేను తీసేశాను. మర్నాడు మళ్లీ పెట్టారు. పాత వీడియో చూపిస్తే, "ఈ రోజుల్లో ఫోనులో ఏనుగుల్ని కూడా ఎగరేస్తన్నారే" అన్నారు. "ఆడు ఎక్కినోడు, నువ్వు ఎక్కనిదానివి" అని అత్తగారు కొడుకు పక్షం. వీధిలో గల్ఫు వెళ్లొచ్చినవాళ్లంతా వచ్చి, నాది తప్పేనని తీర్పు చెప్పి, టీ తాగి వెళ్లారు. ఆ టీ పెట్టింది నేనే.

నాకు కావలసింది ఒక్కటే. ఈ ఇంట్లో ఒక్క విషయంలోనైనా నా మాటే నిజమని ఆయన నోటితో ఒప్పుకోవాలి.

ప్రయాణం ఎల్లుండనగా, ఆవకాయ సీసాల మూతలకి టేపు చుడుతూ మళ్లీ తోక సంగతి ఎత్తారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీరెక్కిన విమానం చక్రాలు ఎప్పుడైనా చూసేరా? నిజం చెప్పండి."

ఆయన మూత మీద ఇంకో చుట్టు వేశారు.

"చక్రాలేంటే, విమానమే సరిగ్గా చూళ్లేదు. వరండాలాంటి దాంట్లోంచి నడిపించుకెళ్లి లోపల కూచోబెట్టేస్తారు. కూచున్న కాణ్ణించి దిగేదాకా తువ్వాలు మొహమ్మీదే."

"నిద్రాండీ?"

"నిద్దరేంటే. ఏడుపు."

"ఎప్పుడు?"

"ఎల్లినప్పుడల్లా."

కారెక్కేటప్పుడు మా అందరికీ నవ్వుతూ చెయ్యి ఊపే మనిషి. అక్కడ హాయిగా ఉంటారనే అనుకునేదాన్ని. గెలిచానన్న సంబరం రాలేదు.

"ఈసారి వెళ్లకండి" అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి.

ఆయన టేపు కొస పళ్లతో తెంపారు.

"ఈ మాట ముందే అనుంటే బాగుణ్ణే" అన్నారు. "టిక్కెట్టు కొనేసేను."