నర్సింలు నెబ్యులా

అందరి పరువూ ఎప్పుడో ఒకసారి పోతుంది. నాది మాత్రం కోస్గి బస్టాండు దగ్గర, నిలువెత్తు ఫ్లెక్సీతో సహా పోయింది. నవ్వకుండా వింటానంటేనే చెబుతాను. సరేలెండి, అది మీ వల్ల కాదు, చెప్పేస్తాను.

అప్పట్లో షాద్‌నగర్‌లో ఓ కంపెనీలో ఉద్యోగం, కొత్తగా పెళ్లి. సెలవు దొరికితే చాలు, అత్తగారి ఊరు కోస్గికి పోయి మిద్దె మీద కెమెరా పెట్టి నక్షత్రాల ఫొటోలు తీసేవాణ్ని. మా మామ నర్సింలు మగ్గం నేస్తాడు. నా సరదా ఆయనకు గిట్టదు. "అల్లుడా, మనిషన్నోడు రాత్రి పండుకోవాలె" అనేవాడు. ఆయన నోట ఒక్క 'శభాష్' అనిపించుకోవాలని నా ప్రాణం కొట్టుకునేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఆకాశం గెలిచి అత్తిల్లు గెలుద్దామనుకున్నాను.

ఈ ఫొటోలు తీయగానే అయిపోవు, అసలు పని కంప్యూటర్లో ఉంటుంది. లెన్సు మీది మరకలు, మూలల్లోని మసక పోవాలంటే లెన్సు మూతికి తెల్లబట్ట కట్టి, పగటి వెలుగులో కొన్ని ఫొటోలు తీసి పెట్టుకోవాలి. ఆ తెల్ల ఫొటోలో ఎక్కడ ఏ రంగు ఎక్కువుంటే, నక్షత్రాల ఫొటోలో అక్కడ ఆ రంగును కంప్యూటరు తగ్గిస్తుంది. నేను చేతికందిన తెల్లబట్ట కట్టాను. ఈ ముక్క గుర్తుంచుకోండి.

కృత్తికల ఫొటోను, అదే మన పిల్లలకోడిని, కంప్యూటర్లో వెలుగు పెంచి సాగదీసి సాగదీసి చూస్తే కుడి మూలన గులాబిరంగు మేఘం! నక్షత్రాల మధ్య ఉండే అలాంటి మేఘాన్నే నెబ్యులా అంటారు. నక్షత్రాల పటాలన్నీ వెతికాను. ఎక్కడా లేదు.

"సునీతా! కొత్త నెబ్యులా దొరికింది!"

నా భార్య కుక్కర్ మూత పెట్టి వచ్చింది. "గంత పెద్దగున్నది, ఇన్నొద్దులు ఎవ్వరికి కానరాలేదా?"

"దేనికైనా రాత ఉండాలె. దీనికి మీ బాపు పేరు పెడుతున్న."

దాంతో ఆమె అనుమానం పోయింది. పుట్టింటి పేరు ఆకాశానికెక్కుతుంటే ఏ ఆడబిడ్డ అడ్డుపడుతుంది?

బామ్మర్ది ఫ్లెక్సీ కొట్టించాడు. 'ఆకాశంలో మన నర్సింలు.' నల్లటి ఆకాశం, చుట్టూ చుక్కలు, మధ్యలో నవ్వుతున్న మామ. బస్సు దిగుతూనే అది చూసి, మామకు వరసకు అక్కయ్యే ముసలామె రొమ్ము బాదుకుంటూ ఇంటికొచ్చింది.

"అయ్యో నర్సింలూ, ఎప్పుడు పోతివిరా!"

"ఏడ్వకక్కా, నేనే. గీ నీళ్లు తాగు" అని మామే చెంబు అందించాడు.

అయినా ఆయన ముఖం వెలిగిపోతోంది. వాడకట్టంతా టీవీ ముందు చేరింది. పెళ్లిలో మామ స్వయంగా నేసి పెట్టిన కండువా భుజాన వేసుకుని నెబ్యులా చూపించాను. చప్పట్లే చప్పట్లు.

"ఇంకోటి సూపెట్టు అల్లుడా" అన్నాడు మామ. ఆయన అలా అడగడం అదే మొదలు. పొంగిపోయి సప్తర్షుల ఫొటో పెట్టాను. అది ఆకాశంలో మరో దిక్కు. అందులోనూ కుడి మూలన అదే గులాబి మేఘం.

"బాపు గాడ గూడ ఉన్నడే!" అంది సునీత. తర్వాత టీవీని, నా భుజాన్ని మార్చి మార్చి చూసింది. "ఏమయ్యా, లెన్సుకు గట్టిన తెల్లబట్ట ఏది?"

"గీ కండువనే."

"దీనికి పచ్చంచు ఉన్నది గదా!"

కండువా తీసి అంచు చూసుకున్నాను. లెన్సు మీద ఓ పక్కన పచ్చంచు పడింది. కంప్యూటరు అక్కడి పచ్చను పీకేసింది. వెలుగులోంచి ఆకుపచ్చ పోతే మిగిలేది గులాబి. వాడకట్టు ముందు అదంతా ఒప్పుకుని తల దించుకున్నాను. 'శభాష్' మీద ఆశ అప్పుడే వదిలేశాను.

మామ కండువా అంచును వేళ్లతో నలిపి చూశాడు.

"అంటే గా గులాబి మబ్బు, గీ అంచేనా?"

"అవును మామా."

"గీ అంచు నేసింది ఎవలు?"

"నువ్వే మామా."

"మరి నా పేరు పెడితే తప్పేముంది? శభాష్ అల్లుడా! ఫ్లెక్సీ ఉండనీ!"

వానలకు చిరిగేదాకా అది అక్కడే ఉంది. ఆ తర్వాత మామ ఎర్రంచు కండువా ఒకటి నేసి పంపాడు. వెంటనే ఫోన్. "ఎర్రంచైతే నీలం మబ్బు వస్తదట గదా, సునీత చెప్పింది. దానికి మీ అత్త పేరు పెట్టు."

కాబట్టి నర్సింలు నెబ్యులా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో అంచున్న బట్టను లెన్సు దరిదాపులకు రానివ్వను. అత్త స్వయంగా అడిగితే మాత్రం సంగతి వేరు.