పొద్దు గుంకని ఊళ్ళో అరఫా రోజా

పగటిని రాత్రితో కప్పేవాడు, రాత్రిలోంచి పగటిని వెలికి తీసేవాడు, అన్ని తూర్పులకూ అన్ని పడమరలకూ ప్రభువు అయిన అల్లాహ్‌కే సకల స్తోత్రం. ఆయన నడిపిస్తే నడిచాం, ఆయన చూపిస్తే చూశాం. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

మాది రాయచోటి. కువైట్‌లోని జహ్రాలో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు మా ఊరివాళ్ళు చాలామంది బస్సులెక్కి జోర్డాన్ దారి పట్టారు. నేను ఆ ఇంటి పెద్దావిడను, మేం మామా అని పిలిచే యజమానురాలిని, వదిలి వెళ్ళలేకపోయాను. ఆ ఆక్రమణ రోజుల్లోనే, రొట్టెల కోసం వెళ్ళిన ఆమె పెద్ద కొడుకు నాసర్‌ను చెక్‌పోస్టు దగ్గర కారు దించి తీసుకుపోయారు. సైన్యం ఓడి వెళ్ళిపోయింది. నాసర్ రాలేదు. బతికున్నాడో లేదో చెప్పేవాళ్ళు కూడా లేరు.

వెళ్ళేవాళ్ళు నూనె బావులకు నిప్పు పెట్టి వెళ్ళారు. ఆ పొగకు మామాకు ఆయాసం ఎక్కువైంది. కొన్నాళ్ళు వేరే చోట ఉంచమని డాక్టర్ చెప్పాడు. చిన్న కొడుకు జాసిం ఫిన్లాండ్‌లో ఇంజనీరు. అక్కడి అమ్మాయి లీసాను పెళ్ళి చేసుకున్నాడు. మామాకూ నాకూ టికెట్లు పంపాడు. నాసర్ భార్య మరియం మాత్రం ఇల్లు కదలనంది.

జూన్ నెలలో ఒక ఉదయం తొమ్మిదింటికి బయల్దేరాం. దారి పొడవునా కార్లు లైట్లు వేసుకునే నడుస్తున్నాయి. విమానాశ్రయంలో నేల తుడుస్తున్న రాజంపేట అబ్బాయి నా తెలుగు విని దగ్గరికొచ్చాడు.

"యాడికక్కా, పెద్దామెను తోలుకొని?"

"ఫిన్లాండు. ఈ నెల్లో ఆడ పొద్దే గుంకదంట."

"గుంకకుంటే డ్యూటీ ఎప్పుడు ఖలాస్ అయితాది? అయిపోయినావులే అక్కా నువ్వు!" అని చీపురు పట్టుకుని నవ్వాడు. మామాకు అరబ్బీలో చెబితే ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది.

కైరోలో ఒకటి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకటి, రెండు విమానాలు మారి హెల్సింకి చేరాం. కువైట్‌కూ అక్కడికీ వేసవిలో గడియారం ఒక్కటే కాబట్టి ముల్లు తిప్పుకునే పని లేదు. రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాక సాయంత్రం రైలెక్కి ఉత్తరానికి బయల్దేరాం. లీసా పుట్టినిల్లు ఆ దేశానికి పై కొసన, ఇనారి అనే సరస్సు ఒడ్డున ఉంది. ఏటా వాళ్ళు జరుపుకునే మధ్యవేసవి పండగకు మమ్మల్నీ రమ్మన్నారు.

రైల్లో పడుకునే బెర్తులు శుభ్రంగా ఉన్నాయి. తినడానికి మనం తినదగ్గది తక్కువ. వెళ్ళేవాళ్ళు ఖర్జూరాలు, బియ్యం, ఊరగాయ వెంట తీసుకెళ్ళడం మంచిది. ఎదుటి సీటు ముసలావిడ మామాకు ఒక తియ్యటి బన్ను ఇచ్చి ఏదో అడిగింది. జాసిం అనువదించాడు. "మీ ఊళ్ళో చలికాలం ఎలా ఉంటుందంటోంది."

"మాకు చలికాలం లేదు, పొగకాలం ఉందని చెప్పు" అంది మామా.

పదకొండు దాటాక కిటికీలోంచి సూర్యుడు అడవి వెనక్కి దిగడం చూశాం. కాసేపటికే మళ్ళీ పైకొచ్చాడు. మామా పొద్దు గుంకాక చదివే మగ్రిబ్, రాత్రి చదివే ఇషా నమాజులు రెండూ కలిపి చదువుకుని పడుకుంది. ఆమె పొరపాటు పడింది అక్కడే. ఎంత ఆలస్యంగానైనా ఇక్కడా పొద్దు గుంకుతుందని ఆమె మనసులో పడిపోయింది.

పొద్దున రొవానియెమిలో రైలు దిగి బస్సెక్కాం. దారికి అడ్డంగా రెయిన్‌డీర్లు నిలబడితే డ్రైవరు హారన్ కొట్టకుండా ఆగుతాడు. ఆరు గంటల దారి. జూన్ అయినా శాలువా తీయలేకపోయాం. దోమలు మన దోమలకంటే పెద్దవి. ఇంట్లో మాకిచ్చిన గదికి నల్లటి మందపు తెరలున్నాయి. అవి లేకపోతే నిద్ర పట్టదట.

మరునాడే వాళ్ళ పండగ. ఆ ఏడు అల్లాహ్ సంకల్పం వల్ల అదే అరఫా రోజు. హాజీలంతా మక్కా దగ్గర అరఫాత్ మైదానంలో నిలబడి వేడుకునే రోజు, బక్రీద్‌కు ముందు రోజు. ప్రయాణంలో ఉన్నాం, పైగా మామాకు షుగరు, రోజా ఉపవాసం ఉండనక్కర్లేదని నేనూ జాసిమూ చెప్పాం. ఆమె వినలేదు.

"రోజా విడిచే వేళ అడిగింది అల్లాహ్ కాదనడు. ఈ ఏడంతా నాసర్ కోసం ఆ ఒక్క వేళను దాచుకున్నాను" అంది.

కువైట్‌లో తెల్లవారుజాము ఫజ్ర్ వేళకు ముందే మామా సహరీ భోజనం చేసింది. పగలంతా ఆ ఇంట్లో సందడి. గుమ్మానికి రెండు పక్కలా లేత బిర్చి చెట్లు కొట్టి తెచ్చి నిలబెట్టారు. లీసా నాన్న సరస్సు ఒడ్డున కట్టెలు మనిషికి రెండింతల ఎత్తు పేర్చాడు. పొరుగువాళ్ళు సాసేజిలు కాల్చి నాకిచ్చారు. పంది మాంసమేమోనని అడిగేలోపే జాసిం పళ్ళెం వెనక్కి తిప్పాడు.

సాయంత్రం ఐదింటికి మామా చేతులు వణకడం మొదలైంది. నుదుట చెమట. ముందు రెండు ఖర్జూరాలు, గ్లాసుడు నీళ్ళు పెట్టుకుని సరస్సు వైపు తిరిగి కూర్చుంది. సూర్యుడు నడినెత్తిన లేడంతే, ఎక్కడివాడక్కడే ఉన్నట్టున్నాడు.

"జాసిం, ఎప్పుడు దిగుతాడు వీడు?"

"దిగడు యుమ్మా. ఇక్కడ ఈ నెలంతా దిగడు. ముందే చెప్పాను కదా?"

"ఎగతాళి చేస్తున్నావనుకున్నాను" అంది మామా. ముఖం పాలిపోయింది.

కువైట్ వేళకు విడిచేద్దామన్నాడు జాసిం. చిన్నప్పుడు మద్రసాలో నేర్చుకున్నది నేనూ చెప్పాను. రోజులు అంతులేకుండా సాగే కాలం వస్తే వేళల్ని లెక్కకట్టుకోమని ప్రవక్త అన్నారని.

"నువ్వు చదివింది నిజమే నూరా. నమాజు వేళ తప్పితే మళ్ళీ చదువుకుంటాను. అడుక్కునే ఈ దువా వేళ తప్పితే? సూర్యుడు నా కళ్ళెదుట ఉండగా ఖర్జూరం నోట్లో వేసుకుని, ఇదిగో మగ్రిబ్ అయిందని నా బిడ్డను ఇవ్వమని ఎలా అడగను? అల్లాహ్ తోసేస్తే?"

లీసా తేనె కలిపిన నీళ్ళు తెచ్చింది. మామా పెదాలు మూసుకుంది. డాక్టరు దగ్గరికి రెండు గంటల దారి. ఇంకొంతసేపు ఇలాగే ఉంటే స్పృహ తప్పుతుందని లీసా భయపడింది. నా చేతుల్లో మామా చేయి చల్లగా ఉంది. నాసర్ కోసం దాచుకున్న వేళ ఆమెనే తీసుకుపోతుందేమో అనిపించింది.

అప్పుడు జాసిం జహ్రాకు ఫోన్ కలపడం మొదలుపెట్టాడు. యుద్ధం తర్వాత లైన్లు సరిగా లేవు. ఒకసారి గరగర, ఒకసారి మౌనం, ఒకసారి ఎవరో ఇంగ్లీషులో తరువాత ప్రయత్నించమన్నారు. ఆరున్నర దాటాక మరియం గొంతు వినపడింది. విషయం విని, రిసీవరు అత్తగారికి ఇమ్మంది. దాన్ని మామా చెవి దగ్గర నేనే పట్టుకున్నాను కాబట్టి నాకూ వినపడింది.

"యుమ్మా, సూర్యుడు కనిపిస్తున్నాడని విడవట్లేదా?"

"ఎదురుగా ఉన్నాడు మరియం."

"ఇక్కడ కనిపించనే లేదు. పొద్దున్నించీ పొగ. మధ్యాహ్నమే దీపాలు పెట్టుకున్నాం. మసీదులో అజాన్ ఇచ్చే ముఅజ్జిన్ గడియారం చూసుకుని పిలుస్తాడు, మేం విడుస్తాం. నేనూ రోజానే ఉన్నాను. నేనూ ఆయన కోసమే అల్లాహ్‌ను అడుగుతున్నాను. పొద్దు గుంకడం చూడలేదని నాది తోసేస్తాడా చెప్పు?"

మామా ముందున్న ఖర్జూరాల వైపు చూసింది.

"తోసేయడంటావా?" అని మరియం మళ్ళీ అడిగింది. ఈసారి ఆమె గొంతులో ఏడుపుంది. ఆమెకు నిజంగానే జవాబు కావాలి.

"తోసేయడు బిడ్డా" అంది మామా. "నీది ఎలా తోసేస్తాడు!"

"అయితే ఉండు, కిటికీ తెరుస్తాను."

గరగరల మధ్య జహ్రా మసీదు అజాన్ వినిపించింది. సన్నగా, నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు. మామా ఖర్జూరం నోట్లో పెట్టుకుంది. నీళ్ళు తాగింది. ఎండ ముఖం మీద పడుతుండగా చేతులెత్తింది. ఎంతసేపు అడిగిందో, ఏమడిగిందో నేను రాయను. ఇక్కడ ఒక్క క్షణం ఆగి మీరు కూడా ఆమీన్ అనండి.

తొమ్మిదింటికి ఒడ్డున కట్టెలు వెలిగించారు. నిప్పు చూడగానే మామా పొగ తగలకుండా కుర్చీని గాలి వచ్చే వైపుకు జరిపించుకుంది. పిల్లలూ పెద్దలూ అకార్డియన్‌కు ఆడుతుంటే చివరిదాకా చూసింది. "అందమైన మనుషులు, తెల్లార్లూ పడుకోరు" అని వ్యాఖ్యానించింది. మర్నాడు బక్రీద్ నమాజు ఆ ఇంటి ముందు గదిలో చదువుకున్నాం.

నెల తిరిగేసరికి ఆయాసం తగ్గింది. మళ్ళీ అవే రెండు విమానాలు మారి వచ్చాం. కువైట్ మీదికి వచ్చినప్పుడు కిటికీలోంచి కింద మంటలు, పైన నల్లటి పొగ. మధ్యాహ్నం రెండింటికి దిగితే రన్‌వే దీపాలు వెలుగుతున్నాయి. ఉత్తర దేశం చూడదగ్గదే. శుభ్రం, నెమ్మది, మర్యాద, కళ్ళు అలిసేంత వెలుతురు. గుంకని వెలుతురును, పగటిపూట చీకటిని ఒకే వేసవిలో చూపించిన ప్రభువును తలచుకుంటూ దిగాను.

మరియం కారు దగ్గర నిలబడి ఉంది. మామా ఆమె ముఖం చూసింది.

"ఖబర్?"

"ఏమీ లేదు యుమ్మా."

మామా కారెక్కి, అబాయా సర్దుకుని, మరియం చేయి తన ఒళ్ళో పెట్టుకుంది.

"వచ్చే అరఫాకు ఇద్దరం ఒకే పళ్ళెంలో విడుద్దాం" అంది. "ఒకరికి ఒకరం సాక్ష్యం ఉంటాం."

ఇది చదివే సోదరసోదరీమణులారా, మీ ఊళ్ళో సూర్యుడు ఉన్నా, గుంకినా, మబ్బు పట్టినా, మీ దువాలో నాసర్ అనే పేరును ఒకసారి చేర్చండి. అతని తల్లి, అతని భార్య ఇంకా అడుగుతూనే ఉన్నారు.