పళ్లత్త మేనకోడలు

ఆవిడ కట్టుడు పళ్లు చేసేది. అందుకే వీధిలో అందరికీ పళ్లత్త అయింది. మైనం కరిగించడం, అచ్చు పోయడం, పన్ను అరగదీయడం, ఇరవై రెండేళ్లుగా అదే పని. అన్నా వదినా పోయాక వాళ్ల కూతుర్ని తనే పెంచింది. పిల్ల ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. పెన్సిల్ పట్టిందంటే పిలిచినా పలకదు.

రెండు నెలలుగా అత్త కాలేజీల వివరాలుండే పుస్తకాలు మోసుకొచ్చేది. అకౌంట్స్, కంప్యూటర్లు, నర్సింగ్. పిల్ల ప్రతిదాని అంచుల నిండా బొమ్మలేసి తిరిగిచ్చేది. నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ ఫొటోకి మీసాలు మొలిచాయి.

"ఇది చదివావా?"

"చూశానత్తా."

"చూడ్డం కాదే, చదివావా అంటున్నా."

"బొమ్మల కాలేజీలో చేరతానని చెప్పాగా."

"చేరి? బొమ్మలు కూడు పెడతాయా? నా తర్వాత నీకెవరున్నారు?"

పిల్ల తలొంచుకుని పుస్తకం అంచున ఇంకో బొమ్మ మొదలుపెట్టింది. అత్తకు ఒళ్లు మండేది అక్కడే. ఎదురు తిరిగితే పోట్లాడొచ్చు. గోడతో ఎంతసేపని పోట్లాడుతుంది?

దరఖాస్తులకు నాలుగు రోజులే గడువుందనగా, ఎదురుగా కూర్చోబెడితేనన్నా ఫారం నింపుతుందని పిల్లను తను పళ్లు చేసే ల్యాబుకు లాక్కెళ్లింది. ఆరోజే ఒక సంగీతం మాస్టారికి చేసిన ముందుపన్ను డాక్టరు దగ్గర్నుంచి మూడోసారి తిరిగొచ్చింది. పక్కపళ్లతో రంగు కలవడం లేదట. అత్త తల పట్టుకుంది. పిల్ల ఫారం పక్కకు నెట్టి, మాస్టారి పళ్ల ఫొటో వంక చాలాసేపు చూసింది.

"నువ్వు తెల్లగా చేశావత్తా. ఇది తెలుపు కాదు. చిగురు దగ్గర తేనెరంగు, కింది అంచుకి బూడిదరంగు. మధ్యలో సన్నటి గీత కూడా ఉంది, చూడు."

పింగాణీ పొడులు కలుపుకుని, సన్నకుంచెతో రెండు గంటలు తల ఎత్తకుండా కూర్చుంది. మర్నాడు డాక్టరు ఆ పన్ను బిగించాక, మాస్టారు అద్దంలో ఎంత వెతుక్కున్నా పెట్టుడు పన్ను ఏదో కనిపెట్టలేకపోయాడు.

ఇంకేముంది, అత్త ఆ సాయంత్రమే కట్టుడు పళ్ల తయారీ నేర్పే కోర్సు ఫారం తెచ్చేసింది.

"రంగులేయడం బాగుందత్తా," అంది పిల్ల. "కానీ రోజూ పళ్లేనా?"

"నేను చేయట్లా? నాకేం తక్కువైంది?"

"నీకిష్టమా?"

ఆ మాట ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "పనికి ఇష్టమేమిటే?" అని కసురుకుంది. చివరికి బేరం కుదిరింది. వారమంతా పళ్ల కోర్సు, ఆదివారం బొమ్మల క్లాసు. దానికి అత్త అడ్డు చెప్పకూడదు.

మొదటి ఏడాది పిల్ల రంగులు కలపడంలో కాలేజీకే ఫస్టు వచ్చింది, థియరీలో తప్పింది. సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఆదివారం మాత్రం తెల్లారకముందే తయారై కూర్చుంటుంది. మిగతా ఆరు రోజులూ కాలేజీ నుంచి రాగానే అత్త ఆశగా అడుగుతుంది, "ఎలా ఉందే?" అని.

"పర్లేదత్తా," అంటుంది పిల్ల.

ఆ 'పర్లేదు' వినగానే పళ్లత్త పళ్లు నూరుకుంటుంది.